బిస్కెట్ డబ్బాలో రాగిపిండి

పొద్దున రాగిపిండి డబ్బా మూత తీస్తే ముందు రేకు వాసన, తర్వాత పిండి వాసన వస్తాయి. మూత మీది బిస్కెట్ బొమ్మ దాదాపు చెరిగిపోయింది. ఈ డబ్బా ముట్టుకున్న ప్రతిసారీ రెబకమ్మ గుర్తొస్తుంది.

1979లో నేను పుంగనూరులో లెక్కల టీచర్ని. చక్కెర జబ్బు బయటపడి రెండేళ్లయింది. ఎడమకాలి బొటనవేలి మీద పుండు పదకొండు వారాలైనా మానలేదు. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు నాలుగు వారాలు గడువిచ్చాడు. ఆలోగా చక్కెర దిగకపోతే వేలు తీసేయాలన్నాడు. రెబకమ్మ ఆ ఆసుపత్రి వంటశాలకు పెద్ద. చదివింది ఎనిమిదో తరగతి. చక్కెర జబ్బుతో ఎవరొచ్చినా ఒక నోటుపుస్తకం ఇచ్చి, నోట్లో పడిన ప్రతిదీ రాసుకురమ్మనేది.

రాయడం నాకు కష్టం కాదు. గంట, పదార్థం, కొలత అని గీతలు గీసి మరీ రాశాను. మూడు వారాలయ్యాక ఆమె పుస్తకం తిరగేసి, ఈ తిండికి ఇంత చక్కెర ఉండదని అంది. పరీక్షల్లో కాపీలు పట్టుకునే నన్నే అనుమానిస్తావా అని అడిగాను. ఆమె పుస్తకం మూసి నా చేతికిచ్చింది. ఆ ఆదివారం ప్రార్థన ముగించుకుని, బస్సెక్కి మా ఇంటికే వచ్చింది.

వంటింటి పై అరలో ఖాళీ డబ్బాలు వరసగా ఉన్నాయి.

"ఇవి యాడివి టీచరమ్మా?"

చక్కెర జబ్బు వాళ్ల కోసమని బెంగళూరు నుంచి వచ్చే బిస్కెట్లని చెప్పాను. పొద్దున అయిదు, సాయంత్రం అయిదు.

"మరి పుస్తకంలో యాల రాయలేదు?"

"మందుల షాపులో కొన్నవి కదా. మాత్రలు కూడా రాయలేదు."

ఆమె ఒక డబ్బా దించి, బొమ్మ నా వైపు తిప్పింది. "ఇదీ పిండేనమ్మా. దినానికి పది. పిల్లోళ్లకి కూడికలు ఎట్ల సెప్తాండావు నువ్వు?"

మూడు వారాలకు రెండు వందల పది. పుస్తకంలో ఒక్కటీ లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె మా పొయ్యి మీదే సంగటి కెలికి, ఉలవచారు కాచి, చెంచలాకు వేయించింది. బిస్కెట్లు మానేస్తున్నాననే ధైర్యంతో రెండో ముద్దకు చేయి చాపాను. గిన్నె పక్కకు జరిపింది. సంగటి అయినా పిడికెడేనని, కడుపు నిండకపోతే ఆకు తినమని చెప్పింది. వెళుతూ ఒక ఖాళీ డబ్బా కడిగి, రాగిపిండి పోసి పొయ్యి పక్కన పెట్టింది.

గడువు నాటికి చక్కెర కొంత దిగింది. డాక్టరు ఇంకో నెల ఆగుదామన్నాడు. పుండు మానడానికి మరో తొమ్మిది వారాలు పట్టింది. వేలు నిలిచింది, గోరు మళ్లీ రాలేదు.

1986లో, పని మానేసి కుప్పంలో చెల్లెలి ఇంట్లో ఉంటున్న ఆమెను చూడబోయాను. బాగుండావా అని అడగలేదు. పుస్తకం తెచ్చినావా అంది. సంచిలోంచి తీసి ఇచ్చాను. చివరి పేజీ వరకూ చదివి, నాకు ఒక పిడికెడు సంగటి పెట్టింది.

నిన్న పక్కింటివాళ్లు చక్కెర లేనివంటూ ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. సాయంత్రం నాలుగున్నర, బిస్కెట్లు, రెండు, అని రాశాను.