తమ్ముడి గడ్డకి మేత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది జరిగాక కూడా కలగలేదు. కణజీవశాస్త్రం చదివినదాన్ని, మైక్రోస్కోపులో కనబడని దాని గురించి మాట్లాడటం చేతకాదు. చూసినంతవరకే రాస్తాను.

మాది పెడన. ఇంట్లో మగ్గం. నేను ఎమ్మెస్సీలో చేరినప్పుడు మా బాబాయి, "కణాలు చదివి ఏం చేస్తావే, పురుగుల్ని పెంచుతావా?" అన్నాడు. నాతో చదివినవాళ్ళు టీకాల కంపెనీల్లో, సంతాన సాఫల్య కేంద్రాల్లో చేరారు. నేను విశాఖలో పరిశోధనకి వెళ్ళాను. అక్కడ నా పని బాబాయి అన్నట్టు పెంచడమే. శరీరంలోంచి తీసిన కణాలు సీసాలో బతకాలంటే పోషక ద్రవం మారుస్తూ ఉండాలి. దాన్ని మేం మేత అనేవాళ్ళం.

తమ్ముడు కిరణ్ కలంకారీ అద్దకం పనిచేసేవాడు. వాడికి గొంతులో గడ్డ లేచింది. కేన్సరన్నారు. ఆపరేషన్‌లో తీసిన ముక్కని మా ల్యాబ్‌కి ఇమ్మని తనే సంతకం పెట్టాడు.

"నీ పీహెచ్‌డీ ఏదో నా గడ్డతోనే అయిపోనీ అక్కా. బాబాయి నోరు మూతపడుద్ది."

ఆ కణాలు చక్కగా పెరిగాయి. మా గైడ్ సంతోషించారు. వాడికి గంజి కూడా దిగని రోజుల్లో నేను వాడి గడ్డకి మేత పెడుతున్నాను.

వాడు పోయాడు. పదకొండో రోజు కాలవ గట్టు మీద నాన్న పిండం పెట్టారు. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ అన్నం తినరు. వాడికేం కోరిక మిగిలిందోనని పెద్దవాళ్ళు ఒక్కో మాటా ఇచ్చారు. మగ్గం అమ్మబోమన్నారు. అమ్మని చూసుకుంటామన్నారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది.

అమ్మ నా వైపు తిరిగింది. "వాడిది నీ దగ్గర ఇంకా బతికుందిగా. వదిలెయ్యవే."

అది వాడు కాదమ్మా, వాణ్ణి చంపింది అన్నాను.

"అయితే దానికెందుకే తిండి పెడతన్నావ్?"

అవి పోతే నా పరిశోధనా పోతుంది. అయినా ల్యాబ్‌లో జూనియర్‌కి ఫోన్ చేసి, సీసాలన్నిటిలో బ్లీచ్ పొయ్యమన్నాను. ఫోన్ చెవి దగ్గర ఉండగానే ఒక కాకి దిగి పిండాన్ని ముట్టింది. తర్వాత మిగతావి దిగాయి. అమ్మ కళ్ళు మూసుకుంది.

అప్పుడు ఫోన్‌లో ఆ అమ్మాయి మెల్లగా అంది. "అక్కా, నేనింకా పొయ్యలేదు. అన్నీ ఊడిపోయి తేలుతున్నాయి. పొద్దున బాగానే ఉన్నాయి."

ఆ కణాలు బతికున్నంతకాలం సీసా అడుగుని పట్టుకుని ఉంటాయి. చస్తే ఊడతాయి. సీసాలుంచే అదే వెచ్చటి పెట్టెలో, అదే ద్రవంలో ఉన్న వేరేవాళ్ళ కణాలకి ఏమీ కాలేదు. వేడి చూశాం, ద్రవం పరీక్షించాం. లోపం దొరకలేదు.

అమ్మకి తెలియనిది ఒకటుంది. తమ్ముడు బతికుండగానే గైడ్ ఆ కణాల్లో కొన్నిటిని చావకుండా చలిలో గడ్డకట్టించి వేరే ల్యాబులకి పంపారు. తిరిగి తెప్పించమని అడిగాను. సంతకం ఉంది కదా అన్నారు. బాగా పెరుగుతున్నాయని ఒకచోటి నుంచి కృతజ్ఞతలు కూడా వచ్చాయి.

ఏడాది తిరిగాక సంవత్సరీకం పెట్టాం. అదే గట్టు, అదే తీగ. కాకులు సాయంత్రం దాకా కూర్చుని ముట్టకుండానే ఎగిరిపోయాయి. నాన్న పిండాన్ని కాలవలో వదిలారు. అమ్మ నన్ను చూసింది.

కాకి ఎందుకు ముట్టలేదో నాకు తెలియదు. ఆ పూట ఏ ఊళ్ళో ఎవరు ఆ కణాలకి మేత పెడుతున్నారో కూడా తెలియదు.