‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

మా అత్తగారు పోయారు. మొన్న ఆదివారం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారు, మరి లేవలేదు. ఏ బాధా పడకుండా వెళ్ళిపోయారు. ఏడుస్తూనే ఉన్నాను గానీ, మనసులో ఎక్కడో తేలికగానూ ఉంది. ఎందుకో మీకు చెప్పాలి.

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల్ని మామగారు ఉన్నప్పుడూ, పోయాకా ఆవిడే చూసుకున్నారు. నీళ్ళు చిమ్మి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరాడదు. కరెంటు పోగానే ఎవరో ఒకరు పరుగెత్తి జనరేటర్ వెయ్యాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆవిడే. పెళ్ళికి వెళ్తే తాళి కట్టేదాకా ఉండేవారు కాదు. అక్షింతలు నా చేతిలో పోసి, “నా వంతు కూడా నువ్వే వేసెయ్యమ్మా, ఈ కరెంటుని నమ్మలేం” అని ఆటో ఎక్కేసేవారు.

చెరువులో సెన్సార్లు, మోటార్లకు స్మార్ట్ మీటర్లు పెట్టించి అన్నీ ఏఐకి అప్పగిస్తానని మా ఆయన అంటే ఆవిడ మూతి ముడిచారు. నీళ్ళలో ఆక్సిజన్ చూసుకుని ఏ ఏరేటర్ ఎప్పుడు తిరగాలో అదే తేలుస్తుంది, కరెంటు పోతే జనరేటర్ కూడా అదే వేస్తుంది, పెద్ద మార్పులకు మాత్రం ఫోన్ చేసి తెలుగులో అడుగుతుంది అని ఆయన వివరించారు. “అడుగుతుందా? అయితే కాస్త మర్యాద తెలిసిందే” అన్నారావిడ.

అవన్నీ పెట్టించాక, ఆ ధైర్యంతో మొదటిసారి ఆవిడా నేనూ పట్టిసీమ వెళ్ళాం. పడవలో ఉండగా ఏఐ నుంచి ఆవిడకు ఫోన్ వచ్చింది. “కరెంటు వాడకం తగ్గించడానికి పెద్ద చెరువులో ఏరేటర్లు ఆపమంటారా?”

“ఆయ్” అన్నారు అత్తగారు.

మావైపు ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అనకపోతే తలబిరుసు అనుకుంటారు. పాపం, యంత్రానికి ఆ సంగతేం తెలుసు? ఆపేసింది.

గుడి మెట్లెక్కుతుండగా మళ్ళీ ఫోన్. ఆక్సిజన్ తగ్గుతోందట, ఏరేటర్లు తిరిగి వేసేసిందట. ఆవిడ వెంటనే కొడుక్కి ఫోన్ చేశారు. మా ఆయన చెరువు గట్టుకు పరుగెత్తి, “రొయ్య బాగానే ఉందమ్మా” అని చెప్పేదాకా ఆ మెట్టు మీదే కూర్చున్నారు.

మర్నాడు ఆ ఏఐ పెట్టిన కంపెనీ ఇంజనీరుకు ఆవిడ క్లాసు పీకారు. “ఆయ్ అంటే వింటున్నానని బాబూ, ఒప్పుకున్నానని కాదండి. మీ మిషనుకి చెప్పండి!” వాళ్ళు చెప్పారు కూడా. ఆ తర్వాత ఆవిడ ఆయ్ అంటే అది, “ఆపమన్నట్టేనా అండి?” అని మళ్ళీ అడిగేది. “ఇప్పుడు మనూరి దానిలా ఉంది” అని మురిసిపోయారు. అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో ఆఖరి బంతి దాకా ఉన్నారు.

ఒక్క సంగతి మాత్రం ఆవిడ ఎప్పుడో గానీ చెప్పేవారు కాదు. మామగారిని పాడె మీద పడుకోబెట్టాక కరెంటు పోయిందట. మా ఆయన నిప్పుకుండ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడే లేచి చెరువుకు పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి పాడె వీధి మలుపు దాటిపోయింది. “ఆఖరి చూపు జనరేటర్ని చూశానమ్మా” అనేవారు నవ్వుతూ. ఆ నవ్వు నేను భరించలేకపోయేదాన్ని.

సోమవారం ఆవిడను వాకిట్లో పడుకోబెట్టి అందరం చుట్టూ కూర్చుని ఉండగా కరెంటు పోయింది. మా ఆయన ఉలిక్కిపడి సగం లేచారు. అంతలో చెరువుల వైపు నుంచి జనరేటర్ అందుకున్న చప్పుడు వినిపించింది. ఆయన మళ్ళీ కూర్చుని, తల్లి పాదాల మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయారు.