సరంగు బుల్లబ్బాయి ఇత్తడి బిళ్ళ

నడివయసు వచ్చేదాకా కుళ్ళంటే ఏమిటో తెలియని మనిషి సరంగు బుల్లబ్బాయి. ఎలా తెలుస్తుంది? కుళ్ళుకోవడానికి ఎదురుగా ఎవడైనా ఉంటే కదా! ముక్తేశ్వరం రేవులో అతని తాత సరంగు, తండ్రి సరంగు. కొబ్బరితోటల ఆసామి త్రిమూర్తులుగారి పడవకి చుక్కాని పట్టడం పుట్టుకతోనే రాసిపెట్టి ఉందనుకున్నాడు. కొబ్బరికాయలు, ధాన్యం నింపుకుని గౌతమి దాటి కోటిపల్లి చేర్చడంలో అతన్ని మించినవాడు లేడని రేవంతా అనేది. అందరికన్నా ఎక్కువగా అతనే అనేవాడు.

అంతలో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచింది. కోనసీమలోకి కాలవలు తవ్వేరు. కాలవ వచ్చి గోదావరిలో కలిసే చోట రాతిగోడలతో లాకు కట్టేరు. అది అయిందో లేదో కొత్త హుకుం ఒకటి దిగింది: కాలవలో పడవ నడిపేవాడికి లైసెన్సు ఉండాలట! కాలవల దొర వచ్చి గట్టు మీద కూర్చుంటాడట. ఆయన ఎదుట సరుకున్న పడవని లాకు దాటించి చూపించాలట. నచ్చితే మోచేతి పైన దండకి కట్టుకోమని ఇత్తడి బిళ్ళ ఇస్తారు. దండకి బిళ్ళ లేనివాడు చుక్కాని దగ్గర కనబడితే లాకు తలుపులు తెరవరు. త్రిమూర్తులుగారి తోటలన్నీ కాలవ వెంబడే. అంటే బిళ్ళ లేకపోతే బుల్లబ్బాయికి సరంగుతనం లేనట్టే.

"ఏటి మీద పుట్టినోణ్ణి. ఈ పిల్లకాలవలో పడవ నడపటం నాకొచ్చో రాదో దొర చూత్తాడా?" అని బుల్లబ్బాయి విరగబడి నవ్వేడు.

ఆ లాకు సంగతి ఇదీ. పడవ లోపలికి వెళ్ళాక వెనక తలుపులు మూసేసి, నీళ్ళు మెల్లగా కిందికి వదులుతారు. నీటితోపాటు పడవా ఏటి మట్టానికి దిగుతుంది. వెనక తలుపుల అడుగున రాతి గడప ఒకటి ఉంటుంది. పడవ దిగేటప్పుడు చుక్కాని ఆ గడప మీద కూర్చుందంటే అంతే సంగతులు. అందుకని నీళ్ళు వదిలే ముందే చుక్కాని ఊడదీసి పడవలో పెట్టుకోవాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. మన రేవు సరంగులకి ఒక పట్టింపు ఉంది. చుక్కాని నీళ్ళలోకి దింపితే, అవతల రేవు చేరి సరుకు దిగేదాకా ఎత్తరు. సరుకున్న పడవ మీద చుక్కాని ఎత్తేది ఒక్కనాడే, సరంగు పోయిననాడు. కొడుకు దాన్ని ఊడదీసి, భుజాన వేసుకుని, ఇంటికి తీసుకెళ్ళి గోడకి ఆనిస్తాడు. తండ్రి చుక్కానిని బుల్లబ్బాయి తన చేతులతోనే అలా మోసుకెళ్ళేడు.

పరీక్షనాడు లాకు తలుపులు తీసే లస్కరు గోడ మీంచి కేకేశాడు. "చుక్కాని ఎత్తండి!"

"ఆయ్, మాకు తెలుసండి" అన్నాడు బుల్లబ్బాయి. అని, ఎత్తలేదు! బతికుండగా తన చుక్కాని తానే ఎత్తుకుంటాడా? వాడి బొంద, వాడికేం తెలుసు అనుకున్నాడు. నీళ్ళు దిగేయి. పడవ ముక్కు దిగింది, వెనక భాగం గడప మీద ఉండిపోయింది. కాయలన్నీ దడదడమంటూ ముందుకి దొర్లేయి. ఫెళ్ళున చుక్కాని విరిగింది. గట్టు మీద జనం పగలబడి నవ్వేరు. దొర తల అడ్డంగా ఊపి, తను మళ్ళీ వచ్చినప్పుడు రమ్మని దుబాసీ చేత చెప్పించేడు.

ఆ వెనకే ఇంకొకడు దిగేడు, సింహాద్రి. భీమిలి వైపు మనిషి. ఆనకట్ట కట్టేటప్పుడు రాళ్ళ పడవలు నడిపి, పనైపోయాక ఇటు వచ్చి పడ్డాడు. ఇక్కడి గోదావరి ముఖం సరిగ్గా చూసి ఎరగడు. అయితేనేం? చెప్పగానే చుక్కాని ఎత్తేడు, గెడతో పడవని గోడకి తగలకుండా నిలిపేడు, దండకి బిళ్ళ కట్టించుకున్నాడు. ఆ మర్నాడే త్రిమూర్తులుగారు తన పడవ అతనికి అప్పజెప్పేరు.

"మరి నేనండీ?" అన్నాడు బుల్లబ్బాయి.

"బిళ్ళ తెచ్చుకునేదాకా పడవ ముందు నిలబడి గెడ పట్టరా. ఓ పడవకి ఇద్దరు సరంగులెందుకు?" అన్నారాయన.

అరికాలి మంట నెత్తికెక్కింది బుల్లబ్బాయికి. తన పడవలో, తను నిలబడే చోట వాడు నిలబడటమా! వాడి దండ మీద బిళ్ళ ఎండకి తళుక్కుమన్నప్పుడల్లా ఇతని కడుపు భగ్గుమనేది. వాడు తలపాగా చుట్టుకున్నా తప్పే, తుమ్మినా తప్పే. వాడేమో "సరంగుగారూ, ఇలా రమ్మంటారా, అలా పోమంటారా?" అని ఇతన్నే అడిగేవాడు. వెక్కిరిస్తున్నాడని ఇతను పళ్ళు నూరేవాడు.

ఇంట్లో పెళ్ళాం నూకాలమ్మ ఒకతి, పుండు మీద కారం చల్లడానికి! "సింహాద్రి ఎంత నెమ్మదస్తుడు మావా! నన్ను అప్పగారూ అంటాడు. వండిపెట్టే దిక్కు లేదు, ఈ చేపలపులుసు పట్టుకెళ్ళు" అని ముంత చేతిలో పెట్టింది. బుల్లబ్బాయి దారిలో ఆగి అందులో గుప్పెడు ఉప్పు కలిపేడు. సింహాద్రి అంతా తిని, "గంజన్నంలోకి బాగుందండి, అప్పగారికి చెప్పండి" అన్నాడు. ఆ రాత్రి బుల్లబ్బాయికి ముద్ద దిగలేదు.

వరదలు తీసేక గౌతమి నడుమ కొత్తగా ఇసుకమేట వేసింది. పైకి నీళ్ళే కనబడతాయి, కింద ఇసుక. ముందు గెడ పట్టినవాడికి గెడ ఇసుక తగలగానే "మేటోయ్!" అని అరవడమే పని. ఆ కేక వినే సరంగు చుక్కాని తిప్పుతాడు.

ఆవేళ త్రిమూర్తులుగారు కోటిపల్లి సోమేశ్వరుడి దర్శనానికని, మడిబట్ట కట్టుకుని, కొబ్బరికాయల మీద చాప పరిపించుకుని కూర్చున్నారు. ఏటి నడుమకి వచ్చేసరికి బుల్లబ్బాయి గెడకి కసుక్కున ఇసుక తగిలింది. కేక గొంతుదాకా వచ్చింది. వెనక్కి చూశాడు. సింహాద్రి దండ మీద బిళ్ళ మెరుస్తోంది. ఏం, బిళ్ళ ఉందిగా, అదే చెబుతుందిలే అనుకున్నాడు. నోరు బిగించుకున్నాడు.

పడవ మేటెక్కి ఒక్కసారిగా ఒరిగింది. కాయలు బుడుంగుబుడుంగున ఏట్లో పడి కొట్టుకుపోయాయి. వాటితోపాటు త్రిమూర్తులుగారూ పడ్డారు. మొలలోతు నీళ్ళు కాబట్టి సరిపోయింది. మడిబట్టంతా బురదతో లేచి నిలబడి ఆయన కళ్ళెర్రజేశారు.

"ముందున్నవాడు ఏం చేస్తున్నాడ్రా? కేకెయ్యలేదా?"

బుల్లబ్బాయి వంగి, కొట్టుకుపోతున్న కాయ ఒకటి అందుకోబోయేడు. ఈలోగా వెనకనుంచి సింహాద్రి అన్నాడు, "ఏసేరండి. గాలికి నాకే వినపళ్ళేదండి. తప్పు నాదండి."

"చెవిటివాడికా నేను పడవిచ్చింది! దొర మళ్ళీ రానీ. బుల్లబ్బాయికి బిళ్ళ వచ్చిందా, ఆరోజే నువ్వు దిగిపోదువుగాని" అన్నారు త్రిమూర్తులుగారు.

కోరుకున్నదంతా జరిగింది. సంతోషించాలా వద్దా? సంతోషం రాలేదు సరికదా, కుళ్ళు రెండింతలైంది. పడవలో వాడే పెద్ద, బిళ్ళలో వాడే పెద్ద, ఆఖరికి మంచితనంలోనూ వాడేనా! ఒక్క తిట్టు తిడితే బాగుండును. "ఎందుకు కేకెయ్యలేదు?" అని అడిగితే బాగుండును. వాడు అడగలేదు. మర్నాడు మళ్ళీ "సరంగుగారూ" అన్నాడు.

దొర వచ్చేడు. ఆ ఉదయం నూకాలమ్మ నిలేసింది. "చుక్కాని ఎత్తుతావా, ఎత్తవా?"

"ఎత్తితే సావు రాసుకున్నట్టే."

"సింహాద్రి రోజూ ఎత్తుతున్నాడు. సచ్చేడా? మీ అయ్య పోయేకే నువ్వా చుక్కాని ఎత్తేవు గాని, నువ్వెత్తితే మీ అయ్య పోయేడా?"

బుల్లబ్బాయి తలపాగా చుట్టుకుని రేవుకేసి నడిచేడు.

ఈసారి బుల్లబ్బాయి వెనక, సింహాద్రి ముందు గెడతో. పడవ లాకులోకి వెళ్ళింది. వెనక తలుపులు మూశారు. ఈమాటు లస్కరు కేకెయ్యలేదు, పరీక్షలో చెప్పకూడదని దొర ఆజ్ఞ. బుల్లబ్బాయి చుక్కాని మీద చేతులు వేశాడు. ఎత్తాలి. కళ్ళ ముందు తండ్రి ఇల్లు, గోడకి ఆనించిన చుక్కాని కనిపించేయి. చేతులు బిగుసుకుపోయాయి. నీళ్ళు దిగడం మొదలైంది.

ముందు నిలబడ్డ సింహాద్రి అంతా చూస్తున్నాడు. వాడు నోరు మెదపకపోతే చాలు, పడవ వాడిదే. చుక్కాని విరుగుతుంది, బిళ్ళ పోతుంది, రేపు మళ్ళీ వాడే సరంగు. బుల్లబ్బాయికి ఆ లెక్క బాగా తెలుసు, ఏటి మీద తను వేసిన లెక్కేగా అది. అనడులే, వాడు మాత్రం మనిషి కాదా, నాలాగే నోరు మూసుకుంటాడు అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, మూసుకోవాలనే కోరుకున్నాడు. అప్పుడిద్దరూ ఒకటే అవుతారు.

"సరంగుగారూ! చుక్కానీ!"

గోడలు అదిరేలా అరిచేడు సింహాద్రి. ఆ కేకకి బుల్లబ్బాయి చేతులు వాటంతట అవే కదిలేయి. చుక్కాని ఊడివచ్చి పడవలో పడింది. రాతి గడప దాని వెనకే నల్లగా పైకి తేలింది. పడవ చక్కగా ఏటి మట్టానికి దిగింది. బుల్లబ్బాయి చచ్చిపోలేదు.

కేకేసింది పడవలోవాడే కదా, పడవ మనుషుల మధ్య అది మామూలేనన్నాడట దొర. బిళ్ళ ఇచ్చేడు. త్రిమూర్తులుగారు మాట మీద మనిషి. "సింహాద్రీ, కోటిపల్లి దాకా వచ్చి నీ దారి నువ్వు చూసుకో" అంటూ పడవెక్కి కూర్చున్నారు.

బుల్లబ్బాయి చుక్కాని మళ్ళీ తగిలించేడు. కానీ పట్టుకోలేదు. పడవ ముందుకి నడిచి వెళ్ళి, సింహాద్రి చేతిలో గెడ లాక్కున్నాడు.

"నువ్వెనక్కెళ్ళి చుక్కాని పట్టరా" అన్నాడు.

"బిళ్ళొచ్చింది కదండీ మీకు?"

"ఎళ్ళమంటే ఎళ్ళు!"

ఏటి నడుమ గెడకి ఇసుక తగిలింది. బుల్లబ్బాయి ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "మేటోయ్!" అని అరిచేడు. రెండు గట్లూ మారుమోగేయి. కొంగలు లేచిపోయాయి. సింహాద్రి చుక్కాని తిప్పేడు, పడవ మేట పక్కనుంచి జారిపోయింది.

త్రిమూర్తులుగారు చెవులు మూసుకున్నారు. "అంత అరుపేమిట్రా! వాడికి చెవుడని తెలుసు గాని, మరీను."

"ఆడికి చెవుడు లేదండి" అన్నాడు బుల్లబ్బాయి, నీళ్ళకేసి చూస్తూ. "ఆవేళ నేను కేకెయ్యలేదండి."

ఆయన ఇద్దరినీ మార్చిమార్చి చూశారు. కోటిపల్లి రేవు వచ్చింది. పడవ దిగుతూ, "ఓ పడవకి ఇద్దరు సరంగులుంటే మునిగిపోదులే, చావండి" అని మాత్రం అన్నారు.

సరుకు దింపేక సింహాద్రి అడిగేడు, "ఎందుకు చెప్పేసేరండి?"

"నీ మంచితనం చూసి కడుపు మండిందిరా. ఎంతకని ఓర్సుకోను?" అన్నాడు బుల్లబ్బాయి. అని, దండ మీది బిళ్ళని పంచెతో తుడిచి, సింహాద్రి బిళ్ళ పక్కన పెట్టి చూసుకున్నాడు. ఎవరిది ఎక్కువ మెరుస్తోందో అని.