జింక నోట్లో నీళ్లు

ఈ ఉదయం సౌదీలోని ఖోబర్‌లో బక్రీదు మేకకు కసాయి నీళ్లు తాగిస్తుంటే నాకు చిన్నప్పటి జింక గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. నాయన తన కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, డ్రైవరు. ఒకసారి ఆ యజమాని నాయనతోపాటు అమ్మనూ నన్నూ కూడా జింకల వేటకు రమ్మన్నాడు. యజమాని తుపాకీ పేలింది. దూరంగా జింక కూలబడి కాళ్లు కొట్టుకుంటోంది. నాయన జీపు దిగి, నీళ్ల సీసాతో ఇసుకలో పరుగెత్తాడు.

"బిన్నా పో నాయనా, సచ్చిపోతాది!" అని అరిచాను. అది చావకూడదని దువా చేశాను.

నాయన దాని నోట్లో నీళ్లు పోశాడు. బతికిందనుకున్నాను.

"పాపను అట్లా తిప్పుకో," అని అమ్మకు కేకేశాడు. అమ్మ అరచేత్తో నా కళ్లు మూసింది.

ప్రాణం ఉండగానే కోయకపోతే మాంసం హలాల్ కాదు. ఆ పరుగులో నాయన చేసిన దువా కూడా నాదే అయ్యుంటుంది.