బావగారి కారు ఇంటిపేరు

నా దస్తూరి బాగుండదు, ముందే చెబుతున్నాను, క్షమించాలి. ఊళ్ళో బడి ఎంతవరకు ఉందో అంతవరకే చదివాను. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే అచ్చు వేసేవారు దిద్దుకోవాలి. మా బావగారు పోయారు. కార్తీకం వెళ్ళిన వారంలోనే, పొద్దున్నే స్నానం చేసి, కారు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని కాఫీ తెమ్మన్నారట. అక్క గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మనిషి లేరు. కొవ్వూరు నుంచి ఫోను రాగానే కట్టుకున్న లుంగీతోనే బస్సెక్కాను.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. నాకు కోపంగా ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన కారు సంగతి చెప్పాలి.

అది సీమ కారు, ఇంగ్లండులో చేసింది. పేరు డైమ్లర్. లోపల తోలు సీట్లు, నునుపు చేసిన చెక్క డాష్‌బోర్డు. రాజమండ్రిలో ఒక పాత బంగళా వాళ్ళు అమ్మేస్తుంటే కొన్నారు. చూసినవాడల్లా "జాగ్వారేనాండీ?" అని అడిగేవాడు. అందులో అడిగినవాడి తప్పేం లేదు. డైమ్లర్ కంపెనీని జాగ్వార్ వాళ్ళు కొనేశారట. కొని, తమ కారు ఒంటికే డైమ్లర్ పేరు పెట్టి, డైమ్లర్ వాళ్ళ ఇంజను వేసి అమ్మారట. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. దగ్గరికొస్తేనే తేడా. జాగ్వార్‌కి బానెట్ మీద దూకుతున్న చిరుత బొమ్మ ఉంటుంది. దీనికి రెక్కలున్న 'డి' అక్షరం. దాని ముందు, ఇంజనుకి గాలి ఆడే జాలీ అంచు నున్నగా ఉంటుంది. దీని అంచు మీద నిలువునా గాడులు. వెనక నంబరు ప్లేటు మీద దీపం మూతకీ అవే గాడులు. ఇంజను చప్పుడు కూడా వేరే. మూత పెట్టిన గిన్నెలో అన్నం ఉడుకుతున్నట్టు గుడగుడమంటుంది.

కారు ఇంటికి వచ్చిన రోజున అక్క ఆ గాడులు చూసి, "కుచ్చిళ్ళు పోసుకుని వచ్చిందండీ, ఆడపిల్లే" అంది. ఆ రోజు నుంచి మా ఇళ్ళలో వాటి పేరు కుచ్చిళ్ళే. బావగారు పాత పంచె ముక్క వేలికి చుట్టుకుని ఒక్కో కుచ్చిలినీ తుడిచేవారు. పక్కన నేను నిలబడితే మాట్లాడేవారు కాదు. నాకూ మాటలు తక్కువే. అలా ఎన్ని పొద్దులు గడిపామో.

ఇప్పుడు ఆయన సంగతి. మా బావగారు దత్తుడు. పుట్టింది గోదావరి లంకలో, గంపెడు పిల్లలున్న ఇంట్లో. కొవ్వూరు దగ్గర పిల్లల్లేని రైతు కుటుంబం దత్తత తీసుకుంది. బళ్ళో పలక మీద పాత ఇంటిపేరు రాస్తే మాస్టారు చెరిపించేవారట. కొత్తది రాస్తే వెనక బెంచీలో నవ్వేవారట. ఈ మాట నాతో ఒక్కసారే అన్నారు, కుచ్చిళ్ళు తుడుస్తూ.

"అయితే మీకు ఏ పేరు ఇష్టం బావగారూ?" అన్నాను.

"టైఫాయిడ్‌లో నేను కళ్ళు తేలేస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావిడ పేరు నాకిష్టంరా. ఎవడు నవ్వితే నాకేంటి?" అన్నారు. బానెట్ మీద తట్టారు. "ఇదీ నాలాంటిదే. ఒళ్ళు ఒకళ్ళది, పేరు ఒకళ్ళది. నడిచేది మాత్రం దాని గుండెతో అది నడుస్తుంది."

ఊరు ఊరుకుంటుందా? కాఫీ హోటలు బల్లల మీద కూర్చునేవాళ్ళు ఆ 'డి'కి అర్థం కనిపెట్టారు. డి అంటే దత్తుడట. కారు అటు వెళ్ళినప్పుడల్లా, "దత్తుడు గారి బండొచ్చింది, జరగండెహె" అని ఒకడనేవాడు, మిగతావాళ్ళు ఇకిలించేవారు. ఒకరోజు నేనూ కారులో ఉన్నాను. నాకు చెవులు కాలిపోయాయి. బావగారు కారు ఆపి, దిగి, పంచె సర్దుకుని తిన్నగా హోటల్లోకి వెళ్ళారు. కొడతారేమో అనుకున్నాను.

"ఔనండి, దత్తుడి బండే. ఎక్కుతారేంటి?" అన్నారు.

వాళ్ళంతా కాఫీ గ్లాసుల్లోకి తలలు దించేశారు. "రండి మరి. నవ్వేటప్పుడు అంత ధైర్యం ఉంది గదా" అని అందరికంటే పెద్దగా నవ్వినాయన రెక్క పట్టుకుని తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనక నాతోపాటు ఇంకో ముగ్గుర్ని కుక్కారు. గట్టు మీదుగా తీసుకెళ్ళి తిరిగి హోటలు దగ్గరే దింపారు. దిగేటప్పుడు ఆ నవ్వినాయన సీటు తడిమి, "మెత్తగా ఉందండీ" అన్నాడు. "పెంచినవాళ్ళు మెత్తగా పెంచారండి" అన్నారు బావగారు. ఆ తర్వాత కూడా వాళ్ళు దత్తుడనడం మానలేదు. కాకపోతే ఇకిలింపు తగ్గింది.

చుట్టుపక్కల ఏ పెళ్ళికి అడిగినా ఆ కారు ఇచ్చేవారు. గుడి పెళ్ళయినా చర్చి పెళ్ళయినా, పాలేరు కూతురి పెళ్ళయినా. అద్దె లేదు. ఒక్కటే షరతు, కారు పేరు మార్చకూడదు. తణుకు వైపు నుంచి ఒక పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, "అంతా బాగుందండి గానీ, ఆ డి తీసేసి చిరుత బొమ్మ పెట్టిస్తే మా వియ్యాలవారికి గొప్పగా ఉంటుందండి. ఖర్చు నాదే" అన్నాడు.

"దానికేముందండీ" అన్నారు బావగారు. "మీరు శుభలేఖలో మీ ఇంటిపేరు తీసేసి పక్కింటివాళ్ళది అచ్చు వేయించండి. అది పట్టుకొచ్చిన రోజున నేను పిల్లి బొమ్మ పెట్టిస్తాను."

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అక్క లోపలి నుంచి, "కాఫీ అన్నా తాగనిచ్చారు కాదు" అని సణిగింది.

అలాంటి మనిషి పోయారు. శవం దగ్గర నేను విన్న మొదటి మాట ఏంటో రాస్తాను. జ్ఞాతుల్లో ఒకాయన కండువాతో ముక్కు తుడుచుకుంటూ, "దత్తుడైనా వంశం నిలబెట్టాడండి" అన్నాడు. అయినా! ఆ ఇంటి అప్పులు తీర్చి, పెంచిన తల్లిదండ్రులిద్దరికీ తలకొరివి పెట్టి, ఒక జీవితమంతా ఆ పేరు మోసి, ఆఖరికి పాడె మీద కూడా 'అయినా'యే దక్కింది. మెచ్చుకోలులో కలిపి పెట్టిన ఆ 'అయినా' నాకు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

పెద్దకర్మ రోజున ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో బావగారు ఒక తెల్ల కారు పక్కన నిలబడి ఉన్నారు. ఆ కారు ఆయన జన్మలో చూడలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన కొత్త జాగ్వారట. అది చూసి షెడ్డులోకి వెళ్ళాను. బానెట్ మీద డి లేదు. చిరుత ఉంది. కుచ్చిళ్ళ జాలీ లేదు, నున్నటి అంచుది బిగించి ఉంది. స్టీరింగ్ నడుమ హారన్ మీదున్న డి మీద స్టిక్కరు అంటించారు.

ఇది చేసింది మా మేనల్లుడు, ఆయన కన్నకొడుకు. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకుంటున్నారు గదా ఈమధ్య, ప్రీ వెడ్డింగని, వాటికి కారు అద్దెకు తిప్పుతాడట.

"డైమ్లర్ అంటే ఎవడికీ తెలీదు మావయ్యా. అదేంటి, బస్సా అంటున్నారు. జాగ్వారంటే చిన్నపిల్లాడికి కూడా తెలుసు" అన్నాడు.

"మీ నాన్న ఒప్పుకునేవారా?"

"నాన్న పాతకాలం మనిషి. అయినా నువ్వే చెప్పేవాడివి గదా, రెండూ ఒకటేనని. బాడీ ఒకటే."

బాడీ. పన్నెండు రోజుల కింద అదే వాకిట్లో, వచ్చినవాడల్లా "బాడీ ఎప్పుడు లేపుతారు?" అని అడిగాడు. పేరు పోయింది, వరస పోయింది, బాడీ అయ్యారు మా బావగారు. కోపం వస్తే ఎదుటపడి అనడం నాకు ఎప్పుడూ చేతకాదు. ఇప్పుడు రాయగలుగుతున్నాను గనక రాస్తున్నాను. ఒరే నాయనా, నీ చదువు, నీ కొబ్బరితోట, నీ సంతకం, అన్నీ ఆ ఇంటిపేరు మీదే వచ్చాయి. ఆ పేరు కోసం మీ నాన్న బళ్ళో నవ్వులపాలయ్యారు. నువ్వు స్పానరు పెట్టి విప్పేశావు.

తీసిన సామాను ఎక్కడని అడిగితే పాత ఇనుము బండివాడికి వేసేశానన్నాడు. చక్రాల మూతల మీద డి మాత్రం మిగిలింది. వాటికి కొత్తవి ఇంకా రాలేదట.

నాలుగు రోజుల తర్వాత మొదటి బేరం వచ్చింది. కాబోయే పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, కెమెరా కుర్రాళ్ళు, బంతిపూల దండలు. వాకిలంతా సందడి. మొగుడు పోయిన మనిషి ఏడాది దాకా గది దాటకూడదని, శుభానికి ఎదురు రాకూడదని అక్కని లోపల గదిలో కూర్చోబెట్టారు. మా వాడు చెయ్యి చాపి, "ఇదేనండి మా జాగ్వార్" అన్నాడు.

నేను డ్రైవరు దగ్గర స్పానరు అడిగి తీసుకుని బానెట్ ఎత్తాను.

"మావయ్యా, ఏం చేస్తున్నావ్?"

"విప్పుతున్నాను."

"అందరి ముందూ పరువు తీయకు. అవతలికి రా."

రాలేదు. నట్టు జారిపోతోంది. కెమెరా కుర్రాడు, "అంకుల్ గారూ, పిల్లిని తీసేస్తే ఎలుకలు చేరతాయండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నట్టు ఊడింది. చిరుత నా చేతిలోకి వచ్చింది. దాన్ని మా వాడి చేతిలో పెట్టాను. బానెట్ మూస్తే పైన బోల్టు కన్నాలు మిగిలాయి. వాడి ముఖం ఎర్రబడింది. పెద్దవాణ్ణని ఊరుకున్నాడు గానీ, లేకపోతే ఏమయ్యేదో.

పెళ్ళికూతురు పిల్ల దగ్గరికొచ్చి కన్నాలు చూసింది. వంగి చక్రం చూసింది. "ఇక్కడ డి అని ఉందేంటండీ? ఇంతకీ ఇది ఎవరి కారు?" అని అడిగింది.

నేను మా వాడి వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు. గుమ్మంలోంచి అక్క గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చి నిలబడిందో. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని పాటించిన మనిషి. రేషను ఆఫీసులో కూడా పేరడిగితే నావైపు తిరిగి, "నువ్వు చెప్పరా" అనేది. ఆ రోజు చెప్పింది. ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరు, అక్షరం మింగకుండా చెప్పింది. "ఆయన కారమ్మా. డైమ్లర్ అంటారు" అంది.

పెళ్ళికూతురి తల్లి, ఎదురొచ్చిందని కాబోలు, ముఖం తిప్పుకుంది. ఆ పిల్ల మాత్రం కుర్రాళ్ళ దగ్గర బంతిదండ తీసుకుని కన్నాల మీద పరిచి, "పేరు బాగుందండీ" అని ఎక్కి కూర్చుంది. కారు గుడగుడమంటూ గట్టెక్కి వంతెన వైపు వెళ్ళింది. ముందు జాలీ మాత్రం ఇంకా పరాయిదే.

అందుకే ఈ రాత. ఇనుము బండివాడు ఆ సామాను రాజమండ్రిలో అమ్మానంటున్నాడు, ఎవరికో గుర్తు లేదంటున్నాడు. పైఅంచున కుచ్చిళ్ళున్న వెండిరంగు జాలీ గానీ, రెక్కలున్న డి గానీ మీలో ఎవరికైనా కనిపిస్తే ఈ పత్రికకి ఒక ముక్క రాయండి. నేను వచ్చి తెచ్చుకుంటాను. ఆలస్యం చేయకండి, త్వరగా రాయండి. పోస్టు వచ్చే వేళకి అక్క గదిలోంచి బయటికి వచ్చి, అందరూ చూస్తుండగా, అరుగు మీద కూర్చుంటోంది.