ఏ ఊళ్ళోనూ లేని గల్లీ

చేతులారా ఒక గల్లీని ఊళ్ళో లేకుండా చేసిన మొనగాణ్ణి నేను. ఆ గల్లీలోనే నాకు కాబోయే పెళ్ళాం ఇల్లుంది. నవ్వకుండా వినండి, చూద్దాం.

పోలీసు చర్య అయిపోయిన కొత్తల్లో మా సికింద్రాబాదునూ పక్క ఊళ్ళనూ కలిపి ఒకే మునిసిపాలిటీ చేద్దామనుకున్నారు. ముందు ఎల్లలు రాసి ముసాయిదా ప్రకటించాలి. జనం అభ్యంతరాలు విన్నాకే ఆఖరి ఉత్తర్వు. ఎల్ల వెంబడి నడిచి రాసుకొచ్చే పని చిన్న గుమాస్తానైన నా మీద పడింది.

పొద్దున్నే మంచులో బయలుదేరాను. సుగుణను పెళ్ళిచూపుల్లో ఒక్కసారే చూశాను. ఆ మంచులో ప్రతి కిటికీలోనూ ఆమే కనిపించింది. కాళ్ళు నడుస్తున్నాయి, చెయ్యి రాస్తోంది, నేను మాత్రం ఎక్కడో తేలిపోతున్నాను. అబ్బ, ఎంత హాయి! పద్మారావు నగర్ వెనక, ఊరి చివర వాళ్ళ గల్లీ వచ్చింది. సంబంధం ఖాయమయ్యాక పెళ్ళికొడుకు ఆ వీధిలో తిరగడం మర్యాద కాదు. సిగ్గుతో పక్క సందులోంచి చుట్టు తిరిగాను. నడిచిన దారినే ఎల్లగా రాసేశాను.

ప్రకటన గోడలకెక్కగానే కాబోయే మామ ఈశ్వరయ్య ఆఫీసుకొచ్చాడు.

"ఏందయ్యా గిది? మా గల్లీ గిటు ఊళ్ళ లేదు, అటు ఊరే లేదు! శుభలేఖ మీద పెండ్లి ఏ ఊళ్ళ అని అచ్చేయించాలె?"

"తప్పయింది మామా. ఇగ విచారణలనే మార్చాలె."

"గది తేలేదాంక పెండ్లి బంద్!"

నా పైప్రాణాలు పైనే పోయాయి.

విచారణనాడు మామ అభ్యంతరం చదివి అధికారి నా వైపు చూశాడు.

"గీ గల్లీ ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

"అండ్ల నేను అడుగు పెట్టొద్దు సాబ్."

"ఎందుకు? కుక్కలున్నయా?"

"పెండ్లిపిల్ల ఉంది సాబ్."

హాలంతా గొల్లున నవ్వింది. అధికారి కళ్ళద్దాలు తుడుచుకొని, "రేపు మళ్ళ నడువు. ఆ గల్లీ చివరిదాంక!" అన్నాడు.

మర్నాడు ముందు నేను, వెనక ఇద్దరు బంట్రోతులు, ఆ వెనక బస్తీ మొత్తం. పెళ్ళికి ముందే ఊరేగింపు అయిపోయింది. తల వంచుకొని మామ వాళ్ళ గుమ్మం ముందు నుంచి పోతుంటే కిటికీలోంచి సుగుణ గొంతు వినిపించింది.

"ఈసారన్న మమ్మల్ని రాసుకుంటరా, మళ్ళ సిగ్గయితదా?"

"రాసుకుంటా," అన్నాను, కలం తీస్తూ.

అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: కలం చేతిలో ఉండగా ఈ జన్మలో ఇక సిగ్గుపడను. ఆ ఒట్టు తప్పే అవకాశమే రాలేదు. పెళ్ళయిన మర్నాటి నుంచి మా ఇంటి ఎల్లలన్నీ సుగుణే గీస్తోంది. అభ్యంతరాలు వినడం లేదు.