తొలి సాసర్

బాబూ మియాకు ముక్కు పని చేయడం మానేసి మూడు నెలలైంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు జ్వరం వచ్చింది. తగ్గింది. ఐదో రోజు పొద్దున మైత్రీవనం వెనక సందులో ఉన్న హోటల్‌కు వెళ్లి, స్టవ్ వెలిగించి, కాసేపటికి డికాక్షన్ గిన్నె మూత తీశాడు. ఆవిరి ముఖానికి తగిలింది. వేడి తెలిసింది, వాసన తెలియలేదు. ఇంకొంచెం వంగాడు. లేదు. చాయ్ నోట్లో పోసుకుంటే వేడినీళ్లు తాగినట్టుంది.

ఆ హోటల్‌లో ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా చాయ్ మాస్టర్. యజమాని సారయ్య కూడా ఉస్తాద్ అనే పిలుస్తాడు. పొద్దున మొదటి గిన్నె దిగగానే బాబూ మియా సాసర్‌లో కొంచెం పోసుకుని తాగుతాడు. తల ఊపుతాడు. ఆయన తల ఊపిన తర్వాతే సారయ్య గల్లా తెరుస్తాడు. కోచింగ్ క్లాసుకు ఆలస్యమవుతున్న పిల్లలు కూడా ఆ తల ఊపు కోసం నిలబడాల్సిందే.

ఆ రోజు బాబూ మియా సాసర్ నింపి గల్లా దగ్గరికి తీసుకుపోయాడు.

"సారన్నా, ఇన్నేండ్లు నేనే తాగిన. ఇయ్యాల్టి సంది తొలి సాసర్ నీది."

సారయ్య మొహమాటపడ్డాడు. సంతోషపడ్డాడు కూడా. తాగి, "బ్రహ్మాండం" అన్నాడు. మరునాడూ అదే మాట. ఆ తర్వాత రోజూ అదే మాట.

డికాక్షన్ రంగు కళ్లకు తెలుస్తుంది. పాలు చిక్కబడ్డాయో లేదో గరిటె నుంచి జారే ధార చెబుతుంది. చక్కెర చేతి అలవాటు; అనుమానమొస్తే ఇంకో చెంచా పడేది. పని నడుస్తూనే ఉంది. నాలుక లేని మాస్టర్‌ను ఏ హోటల్ పెట్టుకుంటుంది అన్న ప్రశ్న మాత్రం రోజూ ఆయనతోపాటు మధురానగర్ దాకా నడిచి వచ్చేది.

ఇంట్లో అన్నం పళ్లెం ముందు కూర్చోవడం అన్నిటికన్నా కష్టం. ఏం వండినా నోట్లో మెత్తనిదీ గట్టిదీ అన్న తేడా తప్ప మరేమీ లేదు. "మస్తుంది" అనేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఉప్పు గురించో పులుపు గురించో ఏదో ఒకటి అనకుండా లేవని మనిషి ఇప్పుడు ఏమీ అనకుండా లేస్తుంటే, వయసొచ్చి మెత్తబడ్డాడనుకుంది ఆయన భార్య అన్వరీ.

మే నెలలో ఒక ఆదివారం, కూతురి కూతురు జకియా సెలవులకు వచ్చింది. ఇంటర్ పరీక్షలు రాసిన పిల్ల. అమ్మ తండ్రిని వాళ్ల ఇళ్లలో నానా అంటారు, అమ్మమ్మను నానీ అంటారు. సంచిలోంచి కర్రపెండలం పిండి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"పంజాగుట్ట మాల్ల తాగిన నానా. బబుల్ టీ. పండ్ల రసంల చాయ్ కలుపుతరు. అడుగున గోలీలుంటయ్, నములుకుంట తాగాలె. ఇంట్ల చేద్దాం."

"నమిలేది పాన్. చాయ్ నములుతరా ఎవరన్న?"

"నువ్వు ఉస్తాద్‌వి గద. రాదని చెప్పు, ఫోన్ల చూసి నేనే చేస్కుంట."

బాబూ మియా చొక్కా చేతులు మడిచాడు.

బెల్లం నీళ్లు కుతకుత మరుగుతుండగానే పిండిలో పోయాలి. చల్లారితే పిండి జారిపోతుంది, ముద్ద కట్టదు. జకియా వేలు పెట్టి వెనక్కి లాక్కుంది. బాబూ మియా చేతులకు ఆ వేడి కొత్త కాదు. ముద్ద చేసి, తాళ్లలా సాగదీసి, ముక్కలు కోసి, ఒక్కొక్కటీ అరచేతుల మధ్య శనగగింజంత గోలీ చేశాడు. జకియా చేసినవి కొన్ని గుండ్రంగా, కొన్ని కోడిగుడ్డు మాదిరిగా వచ్చాయి. ఫ్యాన్ తిరిగే చప్పుడు, ఎదురింటి కుక్కర్ కూత.

గోలీలు మరిగే నీళ్లలో మునిగి, కాసేపటికి తేలాయి.

"అయిపోయింది నానా."

ఆయన ఒకటి తీసి కొరికాడు. మధ్యలో సుద్దముక్క కొరికినట్టు పొడిపొడిగా తగిలింది.

"కాలే. లోపల పచ్చిగున్నది."

మరో పావుగంట ఉడికించాడు. స్టవ్ ఆపి, మూత పెట్టి, చుట్టూ తడిబట్ట కప్పాడు. హోటల్‌లో డికాక్షన్‌కు దమ్ పెట్టేది ఇట్లాగే. పావుగంటకు ఒకటి కొరికాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో అయిదు నిమిషాలకు ఇంకొకటి. అది పంటి కింద కొంచెం ఎదురు తోసి, తర్వాత లొంగింది. ఆయన నెమ్మదిగా నమిలాడు. ఇంకొకటి తీసుకున్నాడు. మూడు నెలల తర్వాత నోట్లో ఏదో ఉందని తెలిసింది.

"ఇగ అయినయ్" అన్నాడు.

గోలీలు బెల్లం పాకంలో పడ్డాయి. జకియా మామిడి రసం తీసి, చల్లార్చిన డికాక్షన్ కలిపింది. గ్లాసులో పోయబోతుంటే బాబూ మియా చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాలేవి?"

"దీంట్ల పాలుండయ్ నానా."

"పాలు లేంది చాయ్ ఎట్లయితది? తే."

పొద్దున కాచడం మరచిన పాలగిన్నె కిటికీ పక్కన ఉంది. జకియా దాన్ని మూతతోనే తెచ్చి ఆయన ముందు పట్టింది. నానా పాలు వాసన చూడకుండా పోయడని చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల చూస్తూనే ఉంది. బాబూ మియా మూత తీసి గిన్నెను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక క్షణం ఆగాడు.

"ఫస్ట్ క్లాస్" అని పోశాడు.

గ్లాసులో తెల్లని ముక్కలు తేలాయి. జకియా ముక్కు మూసుకుంది. పక్క గది నుంచి అన్వరీ వచ్చింది.

"పాలు విరిగినయ్. పక్క రూం దాక కొడుతున్నది వాసన. నీకు తెల్వలే?"

ఆయన గ్లాసును వెలుతురు వైపు పట్టి చూశాడు. అన్వరీ ఆయన్ను కాసేపు చూసింది.

"కండ్లు మూయి."

మూశాడు. ఆమె వంటింటి గట్టు మీది నుంచి ఏదో తీసి ముక్కు కింద పెట్టింది.

"ఇదేంది?"

"అత్తరు."

"కండ్లు తెరువు."

సగం కోసిన ఉల్లిగడ్డ.

"ఎప్పటి సంది?"

"జ్వరమప్పటి సంది."

"మరి రోజు మస్తుంది, మస్తుంది అన్నవ్?"

"మస్తే ఉంటది గద. ఎప్పుడు బాగలేదు?"

"ఎప్పుడు బాగుందన్నవ్? ముప్పై ఎనిమిదేండ్లల?" అంది అన్వరీ. ఉల్లిగడ్డ అక్కడ పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

జకియా మెల్లగా అడిగింది. "హోటల్ల ఎట్ల నానా? సారయ్య తాతకు ఎరికేనా?"

"ఎరికైతే గరిటె ఇంకొకని చేతికి పోతది."

"పాలు అడుగంటితే ఎట్ల తెలుస్తది నీకు?"

ఆయన విరిగిన చాయ్ మోరీలో పారబోసి, గ్లాసు కడిగాడు.

రెండో గ్లాసులో పాలు పోయలేదు. గోలీలు, మామిడి రసం, డికాక్షన్, నిమ్మకాయ సగం. జకియా ఒక గుటక తాగి, ఇంకొంచెం పిండింది. మళ్లీ తాగింది.

"తీపి సరిపోయింది. గోలీ నువ్వు చూడు."

ఆయన కొరికి చూశాడు. "ఇట్లనే ఉండాలె. ఇప్పుడే తాగుర్రి. ఫ్రిజ్‌ల పెడితే రాళ్లయితయ్."

"నీకెట్ల తెలుసు?"

"పిండిది గదే గుణం."

అన్వరీ జకియా తెచ్చిన లావు స్ట్రాతో ఒక గోలీ పీల్చి, ఉలిక్కిపడి, నమిలి, రెండో గ్లాసు కావాలంది.

సోమవారం పొద్దున మొదటి గిన్నె దిగింది. బాబూ మియా సాసర్ నింపి గల్లా ముందు పెట్టాడు. చెయ్యి తీయలేదు.

"సారన్నా, రోజు బ్రహ్మాండం అంటవ్. ఇయ్యాల నిజం చెప్పు. నా ముక్కు పోయింది, నాలుక పోయింది. మూడు నెలలాయె. నీకు చెప్పలే."

సారయ్య సాసర్ వైపు చూశాడు. తీసుకుని, ఎప్పటిలా ఒక్క గుటకలో కాకుండా, కొంచెం కొంచెంగా తాగాడు.

"చక్కెర ఎక్కువున్నది."

"ఎంత?"

"మస్తు. శివరాత్రి అప్పటి సంది."

"మరి చెప్పలేదేంది?"

"ఉస్తాద్‌కు చాయ్ గురించి నేను చెప్పాల్నా? ఇదేదో కొత్త పద్ధతి అనుకున్న. తాగి, లోపలికి పోయి, చెంబెడు నీళ్లు తాగుతున్న రోజు."

బాబూ మియా భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. గల్లా బల్ల అంచున పెట్టాడు. సారయ్య ఆ తువ్వాలును చూశాడు.

"గరిటె తిప్పుడొస్తదా రాదా?"

"వస్తది."

"మరి గిది ఈడెందుకు పెట్టినవ్?"

సారయ్య గల్లా దిగాడు. స్టూలు లాక్కుని స్టవ్ పక్కన కూర్చున్నాడు. బాబూ మియా తువ్వాలు భుజం మీద వేసుకుని, చక్కెర వేయని పాలు పోసి కలిపి, సాసర్ అందించాడు.

"ఇంకా ఎక్కువే" అన్నాడు సారయ్య.

ఇంకొన్ని పాలు, కొంచెం డికాక్షన్. మళ్లీ సాసర్. సారయ్య కళ్లు మూసుకుని తాగాడు. బయట సంచులు తగిలించుకున్న పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు.

"అన్నా, క్లాసుకు టైమైంది. జల్దీ!"

"ఆగుర్రి" అన్నాడు సారయ్య, కళ్లు తెరవకుండానే.

బాబూ మియా గరిటె పట్టుకుని ఆ ముఖం వైపు చూస్తున్నాడు. ఆవిరి ఇద్దరి మధ్య నుంచి పైకి పోతోంది. ఇంకొక గుటక. సారయ్య సాసర్ దించి, పెదవులు తుడుచుకుని, తల ఊపాడు.